18 ఏళ్ల సెంట్రల్ ఏసీని మార్పించిన అనుభవం: యంత్రం మీద, బిగించిన పని మీద సమీక్ష

మా ఇంటి సెంట్రల్ ఏసీని మార్పించి 14 నెలలైంది. నిండు వేసవి ఒకటి, ఉక్కపోసే వానాకాలం ఒకటి గడిచాకే సమీక్ష రాయాలని బిగించిన రోజే అనుకున్నాను. మొదటి వారంలో ఏ కొత్త యంత్రమైనా చల్లగానే వీస్తుంది. బిగింపులో జరిగిన పొరపాట్లు బయటపడడానికి కనీసం ఒక వేసవి పడుతుంది. పైగా సెంట్రల్ ఏసీ విషయంలో మనం డబ్బు పెట్టేది ఒక్క యంత్రానికే కాదు, దానిని మన ఇంటి కిటికీలకు, డక్టులకు (చల్లగాలిని గదులకు చేర్చే గొట్టాలకు), గోడలకు సరిపడేలా అమర్చే పనికి కూడా. అందువల్ల ఇక్కడ యంత్రం గురించి తక్కువగా, పని గురించి ఎక్కువగా రాస్తున్నాను. పాతదాన్ని ఎందుకు తీసేయవలసి వచ్చిందో చెప్పకుండా కొత్తదాన్ని మెచ్చుకుంటే చదివేవారికి ప్రయోజనం లేదు గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

పాత యంత్రం 4 టన్నులది, వయసు 18 ఏళ్లు. ఇలాంటి వ్యవస్థలు 15 నుంచి 20 ఏళ్లు నడుస్తాయన్నది ఈ రంగంలో అందరూ చెప్పే మాట. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో బయటి యూనిట్ రేకులు అంతకన్నా ముందే తుప్పు తిని రాలిపోతాయి. అయితే వయసు ఒక్కటే చూసి యంత్రాన్ని తీసేయమనే సలహాను నేను ఒప్పుకోను. నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం బయటి యూనిట్ గుయ్యిమని మూలగడమే తప్ప ఫ్యాను తిరగలేదు. మొదట వచ్చిన మెకానిక్ మూత కూడా విప్పకుండా, కంప్రెసర్ పోయిందనీ, ఇంత పాత యంత్రానికి డబ్బు పెట్టడం దండగనీ, కొత్తది వేయించుకోవడమే మేలనీ తేల్చేశాడు. మనసొప్పక ఇంకొకరిని పిలిపించాను. ఆయన కరెంటు ఆపి, పక్క రేకు విప్పి, మోటారు తిరగడానికి ఊపునిచ్చే కెపాసిటర్ అనే చిన్న అల్యూమినియం డబ్బాను వేలితో చూపించారు. చదునుగా ఉండవలసిన దాని పైభాగం గోపురంలా ఉబ్బి ఉంది. డబ్బా మీద దాని సామర్థ్యం 45 మైక్రోఫారడ్లు అని రాసి ఉండగా మీటరు 19 మాత్రమే చూపించింది. మామూలుగా 5, 6 శాతానికి మించి తేడా ఉండకూడదు. ఆయన పది నిమిషాల్లో దానిని మార్చారు, యంత్రం మరో మూడు వేసవులు నడిచింది. కెపాసిటర్ గానీ, కాలిన కాంటాక్టర్ (యంత్రానికి కరెంటు కలిపే స్విచ్చు) గానీ, మూసుకుపోయిన డ్రెయిన్ గొట్టం గానీ, ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుని మంచు కట్టిన కాయిల్ (గ్యాస్ తిరిగే రాగి గొట్టాల చుట్ట) గానీ యంత్రాన్ని మార్చడానికి కారణాలు కావు, దాని వయసు 20 ఏళ్లున్నా సరే.

మా విషయంలో అసలు కారణం గ్యాస్. వరుసగా రెండు వేసవుల్లో చల్లదనం తగ్గిపోవడం, మెకానిక్ వచ్చి "గ్యాస్ అయిపోయిందండీ" అంటూ నింపి వెళ్లడం జరిగింది. మనమంతా ఈ మాట అనేస్తుంటాం గానీ, ఏసీలో గ్యాస్ వాడితే అయిపోయే వస్తువు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అది తిరుగుతూ, లోపలి కాయిల్‌లో ఆవిరై ఇంటి వేడిని పీల్చుకుని, బయటి కాయిల్‌లో మళ్లీ ద్రవమై ఆ వేడిని వదిలేస్తుంది. ఎన్నేళ్లు తిరిగినా తరగదు. తరిగిందంటే ఎక్కడో కన్నం పడిందన్నమాట. మూడోసారి మాత్రం లీకు ఎక్కడో చూపించాకే నింపాలని పట్టుబట్టాను. ఎలక్ట్రానిక్ డిటెక్టర్ లోపలి యూనిట్ దగ్గర కూత పెట్టింది. సబ్బు నీళ్లు పూయగా కాయిల్ చివరి వంపులో గుండుసూది తలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. మరో రెండు చోట్ల కూడా అలాగే లేచాయి. ఇంటి గాలిలో ఉండే కొన్ని ఆమ్లాల ఆవిర్ల వల్ల రాగి గొట్టం గోడలో చీమల పుట్టలోని దారుల వంటి సన్నని సొరంగాలు ఏర్పడి ఇలా కారుతుందట. ఒక చోట అతికిస్తే మరో చోట మొదలవుతుంది.

కాయిల్ ఒక్కటే మారిస్తే సరిపోదా అని చాలా ఆలోచించాను. పాత యంత్రంలో ఉన్నది ఆర్-22 అనే గ్యాస్. ఓజోన్ పొరను దెబ్బతీసే ఈ వాయువు వాడకాన్ని, 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కింద అభివృద్ధి చెందిన దేశాలు 2020 నాటికి, వర్ధమాన దేశాలు 2030 నాటికి దాదాపుగా మానుకోవాలని నిర్ణయించుకున్నాయి. రానురాను దొరకడమే కష్టమయ్యే గ్యాస్ కోసం కొత్త కాయిల్ కొని, దానిని 18 ఏళ్ల కంప్రెసర్‌కు తగిలించడం ఒక దారి. పాత యంత్రంలో కొత్త రకం గ్యాస్ నింపడం మాత్రం దారే కాదు, ఎందుకంటే ఆర్-410ఏ, ఆర్-32 వంటివి ఆర్-22 కన్నా సుమారు 60 శాతం ఎక్కువ పీడనంతో నడుస్తాయి, వాటి కంప్రెసర్లలో వాడే నూనె కూడా వేరు. మరమ్మతు ఖర్చు కొత్త వ్యవస్థ ఖర్చులో సగానికి చేరితే మార్చేయడమే మంచిదన్న లెక్క ఒకటి వాడుకలో ఉంది. అది మోటు లెక్కే అయినా, ఈ మరమ్మతు తరువాత మిగతా భాగాలు ఎన్నేళ్లు నిలుస్తాయన్న ప్రశ్నను దానికి జోడిస్తే పనికొస్తుంది. మా కంప్రెసర్ వైండింగులు (మోటారులోని తీగచుట్లు) అప్పటికి బాగానే ఉన్నాయి, కానీ రేపు అది ఆగిపోతే కాయిల్ మీద పెట్టిన డబ్బంతా దానితో పాటే పోతుంది. ఇదే లీకు ఆరేళ్ల యంత్రంలో వచ్చి ఉంటే మాత్రం సందేహం లేకుండా కాయిల్ ఒక్కటే మార్పించేవాణ్ణి.

నిర్ణయం వేసవి చివర తీసుకుని, పని చలికాలంలో చేయించాను. ఎండలు ముదిరిన రోజుల్లో ఏసీ ఆగిపోయాక మార్చాలనుకుంటే కొలతలు తీసే తీరిక బిగించేవారికి ఉండదు, ఆగే ఓపిక మనకు ఉండదు. వారి గోడౌనులో ఏ సైజు ఉంటే అదే మన ఇంటికి తగిన సైజు అయిపోతుంది. చలికాలపు పనిలో ఒక్క చిక్కు ఉంది. బయట చల్లగా ఉన్నప్పుడు గ్యాస్‌ను తూకం వేసి నింపగలరే గానీ, అది సరిగ్గా సరిపోయిందో లేదో ఖాయంగా తేల్చలేరు. వేసవి మొదట్లో మళ్లీ వచ్చి సరిచూస్తామని ఒప్పందంలో రాయించుకోవాలి. నేను రాయించుకున్నాను.

సైజు విషయానికి వస్తే, ముగ్గురిని పిలిచి అడిగాను. మొదటివారు పాత యూనిట్ మీది పలక చదివి 4 టన్నులని రాసిచ్చారు. రెండోవారు ఎందుకైనా మంచిదని 5 టన్నులు వేయించుకోమన్నారు. మూడో సంస్థ నుంచి వచ్చిన టెక్నీషియన్ గంటన్నర పాటు టేపు పట్టుకుని ప్రతి గదీ తిరిగారు. ఏ కిటికీ ఏ దిక్కుకు ఉంది, అద్దం ఒక పొరా రెండు పొరలా, పైకప్పు మీద ఇన్సులేషన్ ఎంత మందం, ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఇవన్నీ రాసుకుని మాన్యువల్ జె అనే లెక్కింపు పద్ధతిలో వేడి భారాన్ని కట్టి, 3 టన్నులు సరిపోతాయని చెప్పారు. ఇల్లు కట్టిన తరువాత మేము పైకప్పుకు ఇన్సులేషన్ వేయించాం, పడమటి కిటికీలకు రెండు పొరల అద్దాలు పెట్టించాం. మొదటి ఇద్దరూ వేసిన అంకెలు ఇప్పటి ఇంటిని చూసి వేసినవి కావు. పనిని ఈ మూడో సంస్థకే ఇచ్చాను, ఈ సమీక్ష వారి గురించే.

ఎక్కువ టన్నులుంటే నష్టమేమిటని ఇంట్లో కూడా అడిగారు. టన్ను అన్నది బరువు నుంచి వచ్చిన కొలతే: 2,000 పౌండ్ల మంచును 24 గంటల్లో కరిగించడానికి పట్టే వేడిని ఒక టన్ను అంటారు, అంటే వేడిని కొలిచే బీటీయూల లెక్కన గంటకు 12,000, దాదాపు 3.5 కిలోవాట్లు. అవసరానికి మించిన యంత్రం గాలిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. గాలిలోని తేమ నీరై కాయిల్ మీద పేరుకుని, బొట్లుగా జారి డ్రెయిన్‌లోకి చేరాలంటే కాయిల్ కొంతసేపు ఎడతెగకుండా చల్లగా ఉండాలి. ఆగి ఆగి నడిచే యంత్రంలో ఆ నీరు జారకముందే మళ్లీ ఆవిరై గదుల్లోకి వచ్చేస్తుంది. అప్పుడు థర్మోస్టాట్ 24 డిగ్రీలు చూపిస్తున్నా ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది, దుప్పట్లు చెమ్మగా తగులుతాయి. 1902లో విల్లిస్ క్యారియర్ ఆధునిక ఏసీకి రూపం ఇచ్చింది కూడా మనుషులకు చల్లదనం కోసం కాదు, బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదరని ఇబ్బందిని తీర్చడం కోసం. తేమను తీయడం ఏసీ పనిలో సగం. పాత 4 టన్నుల యంత్రంతో ఏళ్ల తరబడి పడిన ఉక్కకు కారణం నాకు అప్పుడు అర్థమైంది.

టెక్నీషియన్ సైజు తేల్చాక డక్టుల దగ్గరికి వెళ్లారు. మిగతా ఇద్దరూ వాటివైపు చూడనైనా లేదు. ఇళ్ల డక్టుల్లో వెళ్లే గాలిలో సాధారణంగా 20 నుంచి 30 శాతం లీకుల వల్ల వృథా అవుతుందని అమెరికాలోని ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతుంది. ఆయన లోపలి యూనిట్‌కు ముందు, వెనక సన్నని గొట్టాలు గుచ్చి పీడనం కొలిచారు. డక్టుల్లోకి గాలిని తోసే ఫ్యాన్లయిన బ్లోయర్లను చాలావరకు 0.5 అంగుళాల నీటిమట్టం, అంటే సుమారు 125 పాస్కల్‌ల నిరోధానికి తయారు చేస్తారు. మా దాంట్లో 0.86 వచ్చింది. ముక్కు మూసి పరుగెత్తమన్నట్టుగా ఉంది ఆ బ్లోయర్ పరిస్థితి. గాలి తిరిగి వచ్చే జాలీ ఒక్కటే ఉండడం, అదీ చిన్నది కావడం దీనికి కారణం. టన్నుకు నిమిషానికి దాదాపు 400 ఘనపుటడుగుల గాలి ఆడాలి గనుక హాల్లో రెండో జాలీ పెట్టి, డక్టుల కీళ్లన్నిటికీ మాస్టిక్ అనే చిక్కటి జిగురు పూశారు. డక్ట్ టేప్ అన్న పేరున్నా ఆ గుడ్డ టేపు కొన్నేళ్లకే ఎండి ఊడిపోతుంది. పైకప్పు సందులో పాత టేపు ముక్కలు ఎండుటాకుల్లా వేలాడడం నేను కళ్లారా చూశాను. పని ముగిశాక నిరోధం 0.48కి దిగింది. ఖర్చులో ఈ భాగం చిన్నదే అయినా, చివరి పడకగదిలో ఇన్నేళ్లకు గాలి సమంగా వస్తున్నదంటే దీని వల్లే.

బిగించిన రోజున వారు పనిచేసిన తీరును మెచ్చుకోకుండా ఉండలేను. పాత ఆర్-22ను గాలిలోకి వదలకుండా యంత్రంతో సిలిండర్‌లోకి లాగేసుకున్నారు. లోపలి, బయటి యూనిట్లను జతగా మార్చారు. పాత కాయిల్ ఉంచి బయటిది మాత్రం మారిస్తే రేటింగు నిలవదు, వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది. పాత నూనె అంటిన రాగి గొట్టాలను కూడా తీసేసి కొత్తవి లాగారు. గొట్టాలను మంటతో వేడిచేసి అతికే బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ లోపల నైట్రోజన్ సన్నగా పారుతూనే ఉంది. అలా చేయకపోతే వేడికి రాగి లోపలి వైపు నల్లటి పొలుసు కట్టి, అది తరువాత రాలి వాల్వులో ఇరుక్కుంటుంది.

ఆ తరువాత వ్యాక్యూమ్. గొట్టాల్లోని గాలిని, తేమను లాగేసి లోపలి పీడనాన్ని 500 మైక్రాన్ల (ఇక్కడ ఇది పీడనం కొలత) కన్నా కిందికి దించాలి. మామూలు వాతావరణ పీడనం 7,60,000 మైక్రాన్లు. పంపు పెట్టిన గంటకు గేజీ 410 చూపించింది. చాలామంది అక్కడితో గ్యాస్ వదిలేస్తారు. ఈయన వాల్వు మూసి, పంపు ఆపి, గేజీ ముందు కూర్చున్నారు. అంకె మెల్లగా ఎక్కింది: 600, 900, చివరకు 1,500 దగ్గర నిలిచిపోయింది. లీకయితే ఆగకుండా ఎక్కుతూనే ఉంటుందనీ, ఒక చోట నిలిచిందంటే లోపల ఇంకా చెమ్మ ఉందనీ చెప్పి, పొడి నైట్రోజన్ పంపి మళ్లీ పంపు పెట్టారు. రెండోసారి 340కి దించి ఆపితే 390 దగ్గర కదలకుండా పావుగంట నిలిచింది. అప్పటికి చీకటి పడింది, అయినా తొందరపడలేదు. ఆ చెమ్మ లోపలే ఉండిపోయి ఉంటే నూనెతో కలిసి ఆమ్లమై, నాలుగైదేళ్లలో కంప్రెసర్‌ను తినేసేది. అప్పుడు మేము యంత్రాన్ని తిట్టుకునేవాళ్లం.

యంత్రం 3 టన్నుల ఇన్వర్టర్ రకం, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని మార్చుకునేది; గ్యాస్ ఆర్-32. వందేళ్ల లెక్కన భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా ఆర్-410ఏకి 2,088 రెట్లయితే ఆర్-32కి 675 రెట్లు. 2016 నాటి కిగాలీ సవరణ తరువాత తయారీదారులు ఇటువైపు మళ్లడానికి కారణం ఇదే. ఇది స్వల్పంగా మండే వర్గానికి చెందినది గనుక లోపలి యూనిట్‌లో లీకును పసిగట్టే సెన్సర్ ఉంది. ఇన్వర్టర్ వల్ల కంప్రెసర్ రోజులో ఎక్కువ భాగం తక్కువ వేగంతో, ఆగకుండా నడుస్తుంది. తక్కువ వేగంలో కాయిల్‌లు పనికి మించి పెద్దవిగా ఉన్నట్టవుతాయి కాబట్టి కరెంటు తక్కువ లాగుతుంది, కాయిల్ ఎడతెగని చల్లదనంతో తేమ కూడా చక్కగా దిగుతుంది. వానాకాలంలో ఇంట్లో తేమ 50 నుంచి 55 శాతం మధ్య ఉంది. పాతదానితో 65కి తగ్గేది కాదు. రాత్రిపూట బయటి యూనిట్ పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు.

కరెంటు గురించి ఒక మాట. సీర్ అంటే ఒక సీజన్ మొత్తంలో తీసిన వేడిని, ఖర్చయిన కరెంటుతో భాగిస్తే వచ్చే అంకె. పాతది 10, కొత్తది 16 కాబట్టి అదే చల్లదనానికి లెక్క ప్రకారం 37.5 శాతం తగ్గాలి. నాలుగు వేసవి నెలల యూనిట్లు పోల్చి చూస్తే మాకు తగ్గింది 34 శాతం. ఏ రెండు వేసవుల ఎండలూ ఒకలా ఉండవు గనుక నేను దీనితో తృప్తి పడ్డాను. డక్టులు అలాగే వదిలేసి ఉంటే ఇంత వచ్చేది కాదని నా నమ్మకం. అమెరికాలో 2023 నుంచి వాడుతున్న సీర్2 పరీక్షలో డక్టుల నిరోధాన్ని మునుపటి కన్నా ఎక్కువగా పెట్టి కొలుస్తున్నారంటే, కాగితం మీది రేటింగుకూ ఇంట్లో అందే ఫలితానికీ మధ్య దూరం ఎక్కడుందో తెలుస్తుంది.

లోపాలు కూడా చెప్పాలి. చల్లని గొట్టం గోడలోకి దూరే చోట నాలుగంగుళాల మేర నురుగు తొడుగు వేయలేదు. వేసవిలో తేమ పెరిగిన రెండో వారంలోనే అక్కడ నీరు పట్టి సీలింగ్ మీద అరచేయంత మరక పడింది. ఫోన్ చేస్తే తొమ్మిది రోజులకు వచ్చారు. వచ్చాక తొడుగు వేసి, మరకకు రంగు కూడా వేయించారు గానీ తొమ్మిది రోజులు చాలా ఎక్కువ. బయటి యూనిట్‌ను మొదట గోడకు ఆరంగుళాల దూరంలో దించారు, దానితో వచ్చిన పుస్తకంలో 12 అంగుళాలని ఉందని నేను చూపించాకే జరిపారు. థర్మోస్టాట్‌లో ఫ్యానును "ఆటో"లో కాకుండా "ఆన్"లో వదిలి వెళ్లారు. కంప్రెసర్ ఆగినా ఫ్యాను ఆగక, కాయిల్ మీది తడి మళ్లీ ఇంట్లోకే చేరింది. మొదటి వారం ఉక్కగా ఉండడానికి కారణం వెతకడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అంత శ్రద్ధగా సైజు కట్టినవారు ఇంత చిన్న మీట దగ్గర ఏమరడం నాకు బాధనిపించింది. కొలతల కాగితం మూడుసార్లు గుర్తుచేస్తే గానీ చేతికి రాలేదు. వీటన్నిటి వల్ల పనికి 5కి 4 ఇస్తున్నాను. యంత్రానికి 5కి నాలుగున్నర.

ఇలాంటి పని చేయించబోయేవారు సంస్థను ఎంచుకునేటప్పుడు బ్రాండు పేరు కన్నా ముందు, వేడి భారం లెక్క రాసిస్తారా, డక్టుల పీడనం పనికి ముందూ తరువాతా కొలుస్తారా, వ్యాక్యూమ్‌ను మైక్రాన్ గేజీతో చూపిస్తారా అని అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునేవారికి పని ఇవ్వకండి. వారంటీ విడిభాగాలకు ఎంత, కూలికి ఎంత అన్నది విడివిడిగా రాయించుకోండి. చాలా యంత్రాలకు పూర్తి వారంటీ రావాలంటే బిగించిన తరువాత గడువులోగా నమోదు చేయాలి. ఆ పని వారు చేస్తారా, మనమే చేసుకోవాలా అన్నది ఆ రోజే తేల్చుకోండి. డ్రెయిన్ పళ్లెంలో నీరు నిండితే యంత్రాన్ని ఆపేసే ఫ్లోట్ స్విచ్‌ను మరవకండి, ముఖ్యంగా లోపలి యూనిట్ సీలింగ్ పైన ఉండే ఇళ్లలో.

ఒప్పందంలో రాసినట్టే మొదటి వేసవి ఎండలకు టెక్నీషియన్ వచ్చి, యంత్రాన్ని పరీక్ష వేగంలో నడిపించి సబ్‌కూలింగ్ కొలిచారు. బయటి కాయిల్‌లో ద్రవమైన గ్యాస్ ఆ తరువాత ఇంకా ఎన్ని డిగ్రీలు చల్లబడిందో చెప్పే ఈ అంకెను బట్టి గ్యాస్ సరిపడా ఉందో లేదో తెలుస్తుంది. యూనిట్ పలక మీద 5.5 డిగ్రీలని ఉంది, ఆ రోజు 5 వచ్చింది. ఈ వేసవి మొదట్లో మళ్లీ కొలిపించాను. మళ్లీ 5 వచ్చింది. రెండు తేదీలూ, రెండు అంకెలూ లోపలి యూనిట్ తలుపు వెనక అంటించిన కాగితం మీద ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.